క్యారియర్ మీద కూర్చున్న చరిత్ర

సింగరేణి జీవితం మీద వచ్చిన కథల్లో, ఫోటోల్లో సైకిలు తప్పకుండా ఉంటుంది. తెల్లవారకముందే హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకుని బాయి వైపు వరసగా సాగిపోయే సైకిళ్ళు, షిఫ్టు దిగాక మసి అంటిన ముఖాలతో ఇంటి దారి పట్టే సైకిళ్ళు, గని ముందు స్టాండులో వందలకొద్దీ ఆనుకుని నిలబడ్డ సైకిళ్ళు. ఈ బొమ్మలో స్త్రీ ఎక్కడుందని వెతికితే రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి గడప దగ్గర, డబ్బా అందిస్తూ. రెండోది క్యారియర్ మీద, రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసుకుని, ఒళ్ళో బిడ్డను పెట్టుకుని, ఒక చేత్తో సీటు కింది స్ప్రింగును పట్టుకుని. సీటు మీద మాత్రం ఎక్కడో గానీ కనిపించదు.

ఆ క్యారియర్‌కూ సీటుకూ మధ్య దూరం కొలిస్తే జానెడు ఉంటుంది. ఆ జానెడు దాటడానికి ఆడవాళ్ళకు ఎన్ని తరాలు పట్టింది, ఎవరు దాటారు, ఎవరిని దాటనివ్వలేదు అన్నది ఈ వ్యాసం. చిన్నప్పుడు నేర్చుకునే ఆడపిల్లల గురించి కాదు నేను మాట్లాడుతున్నది. వాళ్ళ గురించి ప్రభుత్వాలకు పథకాలున్నాయి, పత్రికలకు ఫోటోలున్నాయి. పెళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళై, మోకాళ్ళు నొప్పి పుట్టే వయసులో కొత్త సైకిలు కొనుక్కుని రోడ్డు మీదికొచ్చే స్త్రీల గురించి. శ్రీరాంపూర్ లాంటి చోట అలాంటి స్త్రీ కనబడితే జనం ఇప్పటికీ ఆగి చూస్తారు. ఎందుకు ఆగుతారు అన్న ప్రశ్నకు జవాబు ఆ స్త్రీలో లేదు, సైకిలు చరిత్రలో ఉంది.

*

ముందు మన బొగ్గు ప్రాంతంలో సైకిలుకున్న విలువను ఒప్పుకోవాలి. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు తేలింది. 1886లో ఏర్పడ్డ హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాలు మొదలుపెట్టింది. 1920 నుంచి అది సింగరేణి కాలరీస్ అయింది. కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరికి అవతల గోదావరిఖని, ఇవతల మంచిర్యాల - చెన్నూరు దారి మీద శ్రీరాంపూర్. ఒక్కో గని తెరిచినప్పుడల్లా చుట్టుపక్కల జిల్లాల పల్లెల నుంచి మనుషులు వచ్చి చేరారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాలవాళ్ళు, భూమి లేనివాళ్ళు, ఉన్నా నిలబెట్టుకోలేకపోయినవాళ్ళు.

వాళ్ళు వదిలివచ్చిన పల్లెల్లో సైకిలు ఒట్టి వాహనం కాదు. దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతబట్టుకోవాలి. సైకిలుంటే దిగి నడిపించుకుంటూ పోవాలి. కూర్చున్నవాడి తల దొర తల కన్నా ఎత్తున ఉండకూడదు కాబట్టి. 1978 జగిత్యాల జైత్రయాత్ర నాటికి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో రైతుకూలీలు ఎదిరించింది భూమి విషయంలోనే కాదు, ఇలాంటి రోజువారీ అవమానాలను కూడా. అలాంటి ఊరి నుంచి వచ్చినవాడికి గని జీతంతో కొన్న సైకిలు మీద, ఎవరి ముందూ దిగకుండా, బెల్లు కొట్టుకుంటూ పోవడం ఎంత గౌరవమో మనం తక్కువ చేసి చూడకూడదు. ఆ గౌరవం నిజమైనది. దాన్ని సంపాదించుకోవడానికి వాళ్ళు భూమి లోపలికి దిగారు.

కానీ ఆ గౌరవం సీటు దగ్గరే ఆగిపోయింది. దొర ముందు దిగనక్కరలేని మనిషి భార్య ఎక్కాల్సిన చోటు మాత్రం మారలేదు. ఊళ్ళో ఆమె అతని వెనక నడిచేది, ఇక్కడ అతని వెనక కూర్చుంది.

దీనికి ఎవరో కావాలని కుట్ర చేయలేదు. పని పద్ధతే అలా ఏర్పాటయింది. గని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. సైరన్ మోగేలోపు చేరాలి. మస్టర్ పడకపోతే ఆ రోజు జీతం లేదు. కాబట్టి ఇంట్లో ఉన్న ఒక్క సైకిలు షిఫ్టుతో పాటు వెళ్ళి, ఎనిమిది గంటలు గని ముందు స్టాండులో ఊరికే నిలబడి, షిఫ్టుతో పాటు తిరిగొచ్చేది. ఆ ఎనిమిది గంటల్లో ఆడమనిషి రేషను దుకాణానికి పోయింది, అంగడికి పోయింది, పిల్లవాడికి జ్వరమొస్తే ఆసుపత్రికి పోయింది, నీళ్ళు తెచ్చింది, పొయ్యిలోకి బొగ్గు తెచ్చింది. అన్నీ నడిచే. మగవాడి ప్రయాణం ఒకే గీత: ఇల్లు, గని, ఇల్లు. ఆడదాని ప్రయాణాలు చిన్నవి, చాలా ఉంటాయి, ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. నెత్తి మీద, చంకలో బరువు ఉంటుంది. సైకిలు అవసరం ఎవరికి ఎక్కువ అని లెక్కవేస్తే జవాబు తేలిక కాదు. కానీ ఆ లెక్క ఎవరూ వేయలేదు.

గని కూడా ఎప్పుడూ మగవాళ్ళదే కాదు. 1920ల నాటికి బ్రిటిష్ ఇండియా బొగ్గు గనుల్లో పనివాళ్ళలో మూడో వంతుకు పైగా స్త్రీలే. భర్త బొగ్గు కొడితే భార్య తట్టకెత్తి మోసేది. 1929 నిబంధనలతో వాళ్ళను భూగర్భం నుంచి మెల్లమెల్లగా తప్పించడం మొదలుపెట్టి, 1930ల చివరికి పూర్తిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు కావలసివచ్చేసరికి 1943లో ఆ నిషేధం ఎత్తేశారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్ళీ పెట్టారు. అంటే స్త్రీ శరీరం గనికి పనికిరాదన్నది శాస్త్రం కాదు, అవసరాన్ని బట్టి మారిన మాట. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ నిషేధాన్ని స్వతంత్ర భారతంలో ఖాయం చేసింది. రక్షణ పేరుతో వచ్చిన ఆ చట్టం స్త్రీల నుంచి ప్రమాదాన్ని తప్పించిన మాట నిజమే. ఆ ప్రమాదానికి దక్కే జీతాన్నీ, ఆ జీతంతో వచ్చే వాహనాన్నీ, ఆ వాహనంతో వచ్చే దారినీ కూడా తప్పించింది. సైకిలు ఎక్కకూడదని ఏ చట్టంలోనూ రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు.

*

సైకిలు పుట్టిన దేశాల్లో మాత్రం ఏం జరిగింది? ఈనాటి సైకిలు రూపం, అంటే రెండు సమానమైన చక్రాలు, వెనక చక్రానికి చైను, 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్‌తో స్థిరపడింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. అంతకుముందున్న ఎత్తు చక్రం సైకిలు సాహసవంతులైన మగవాళ్ళ ఆట. కొత్త సైకిలు ఎవరైనా ఎక్కగలిగినది. ఆ 'ఎవరైనా' అన్న మాట దగ్గరే గొడవ మొదలైంది.

1890లలో అమెరికా, ఐరోపాల్లో స్త్రీలు వేల సంఖ్యలో సైకిళ్ళెక్కారు. సైకిలు తొక్కితే ఆడవాళ్ళ ముఖం బిగుసుకుపోయి వికారంగా తయారవుతుందని కొందరు డాక్టర్లు రాశారు. దానికో జబ్బు పేరు కూడా పెట్టారు. గర్భసంచి పాడవుతుందన్నారు, నీతి పాడవుతుందన్నారు. పొడుగు గౌన్లు చైనులో పడుతున్నాయని స్త్రీలు దుస్తులు మార్చుకుంటే దాని మీద కార్టూన్లు వేశారు. 1896లో సూసన్ బి. ఆంథొనీ, స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు లోకంలో మరొకటి చేయలేదన్న అర్థం వచ్చేట్టు పత్రికా విలేఖరి నెల్లీ బ్లైతో అన్నది. 1897 మే నెలలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో స్త్రీలకు పూర్తి డిగ్రీలివ్వాలా వద్దా అని ఓటింగు జరిగింది. వద్దన్న మగ విద్యార్థులు సెనేట్ హౌస్ ఎదురుగా ఒక దిష్టిబొమ్మను వేలాడదీశారు. అది సైకిలు మీద కూర్చున్న స్త్రీ బొమ్మ. చదువుకునే స్త్రీని వెక్కిరించడానికి పుస్తకం కాదు, సైకిలు ఎంచుకున్నారు! డిగ్రీలు రావడానికి 1948 దాకా ఆగాల్సివచ్చింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఫ్రాన్సెస్ విల్లర్డ్. ఆమె అమెరికాలో మద్యానికి వ్యతిరేకంగా పనిచేసిన స్త్రీల సంఘానికి అధ్యక్షురాలు. తల్లి చనిపోయిన దుఃఖంలో, ఆరోగ్యం దెబ్బతిని ఉన్నప్పుడు, 53 ఏళ్ళ వయసులో సైకిలు నేర్చుకున్నది. తన సైకిలుకు గ్లాడిస్ అని పేరు పెట్టుకున్నది. ఆ నేర్చుకున్న వైనాన్ని 1895లో చిన్న పుస్తకంగా రాసింది. పదహారో ఏట పొడుగు బట్టలు కట్టించి పరుగు మాన్పించిన శరీరం, మళ్ళీ కదలడానికి ముప్పై ఏడేళ్ళు పట్టింది. వయసు మీరాక నేర్చుకోవడమంటే కొత్తది సంపాదించడమే కాదు, మధ్యలో లాగేసుకున్నదాన్ని తిరిగి తీసుకోవడం కూడా అని ఆమె జీవితం చెప్తుంది.

అయితే ఈ కథను ఇక్కడితో ఆపి చప్పట్లు కొట్టలేం. అప్పట్లో మంచి సైకిలు ఖరీదు వంద డాలర్ల దాకా ఉండేది. నల్లజాతివాళ్ళ మీద జరుగుతున్న మూక హత్యల విషయంలో విల్లర్డ్ వైఖరిని ఐడా బి. వెల్స్ అదే సంవత్సరాల్లో గట్టిగా నిలదీసింది. 1894లో అమెరికా సైకిలు సంఘం తెల్లవాళ్ళకు మాత్రమే సభ్యత్వం అని తీర్మానించింది. మరుసటి ఏడు న్యూజెర్సీలోని ఆస్‌బరీ పార్కులో జరిగిన ఆ సంఘం సమావేశానికి బోస్టన్ నుంచి కిట్టీ నాక్స్ అనే యువతి వెళ్ళింది. బట్టలు కుట్టి బతికే అమ్మాయి, తండ్రి నల్లజాతివాడు. తన సైకిలు మీద, తను కుట్టుకున్న దుస్తుల్లో, తన సభ్యత్వ కార్డు చూపించి నిలబడింది. గడీ ముందు దిగి నడవాల్సి వచ్చిన మనుషుల పిల్లలం మనం. కిట్టీ నాక్స్ కథ మనకు అర్థం చెప్పించుకోవాల్సిన పని లేదు. 'స్త్రీల సైకిలు' అన్న మాటలో ఏ స్త్రీ అని అడగకపోతే ఆ చరిత్ర సగమే.

*

ఆ మిగతా సగం మనకు పొరుగునే దొరుకుతుంది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా. వాన తక్కువ, పేదరికం ఎక్కువ, రాళ్ళ క్వారీలు ఎక్కువ. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం 'అఱివొళి ఇయక్కం' నడిచింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్. చదువు చెప్పే కార్యకర్తలు ఊరూరూ తిరగాలి, బస్సులుండవు. అందుకని స్త్రీ కార్యకర్తలకు సైకిలు నేర్పించడాన్ని ఉద్యమంలో భాగం చేశారు. కార్యకర్తలతో మొదలైనది అక్షరాలు దిద్దే స్త్రీలకు పాకింది. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు, టీచర్లు. అప్పట్లోనే అక్కడికి వెళ్ళి చూసిన పి. సాయినాథ్ లక్ష మందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిలెక్కారని రాశాడు. 1992 మహిళా దినోత్సవం నాడు హ్యాండిళ్ళకు జెండాలు కట్టుకుని పదిహేను వందల మంది పుదుక్కోట్టై పట్టణం నిండా తిరిగారు.

ఆ వివరాల్లో ఒకటి నేను మరిచిపోలేను. చాలామంది స్త్రీలు లేడీస్ సైకిలు కన్నా మగవాళ్ళ సైకిలే కావాలన్నారు. లేడీస్ సైకిళ్ళు సరిపడా దొరకక మొదట వాటితో నేర్చుకున్నా, తర్వాత అదే నచ్చింది. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉన్న అడ్డ కడ్డీ మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు. గౌను కోసం వంచిన ఆ సైకిలు నమూనా ఎక్కడో చలిదేశపు దొరసానుల కోసం తయారైనది. బిడ్డను ఎత్తుకుని పనికి పోయే తల్లిని దృష్టిలో పెట్టుకుని తయారైనది కాదు. క్యారియర్ మీద నీళ్ళ బిందె, కడ్డీ మీద బిడ్డ, సీటు మీద తను. ఆ మూడు చోట్లూ ఒకే స్త్రీవి అయ్యాయి.

అదే సంవత్సరాల్లో మన నెల్లూరు జిల్లాలో కూడా అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. దూబగుంట స్త్రీలు వాచకంలోని కథ చదివి తమ ఊరి సారా దుకాణం మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. అక్షరం ఒక జిల్లాలో సారా దుకాణం మూయించింది, ఒక జిల్లాలో సైకిలెక్కించింది. మొదటిది మనం ఎంతో రాసుకున్నాం, రాసుకోవాల్సినదే. రెండోది మన దాకా రాలేదు. సారా ఉద్యమం మగవాడు ఇంటికి ఎలా వస్తున్నాడన్న దాని గురించి. సైకిలు ఆడది ఇంటి నుంచి ఎలా వెళ్తుందన్న దాని గురించి. రెండో ప్రశ్న అడగడానికి మనకు మొదటిదాని కన్నా ఎక్కువ బెరుకు ఉన్నట్టుంది.

పుదుక్కోట్టై స్త్రీలకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్ళు వీరవనితలేం కాదు. వాళ్ళకు మైదానం ఇచ్చారు, వేళ ఇచ్చారు, నేర్పే మనుషుల్ని ఇచ్చారు, కొనుక్కోవడానికి కొందరికి అప్పులిప్పించారు. అన్నిటికన్నా ముఖ్యం, పక్కన పడేవాళ్ళు ఇంకా వందమంది ఉన్నారు. ఒక్కతే పడితే నవ్వుతారు. వందమంది పడుతూ లేస్తూ ఉంటే నవ్వేవాడు అలిసిపోతాడు.

*

తర్వాతి కాలంలో ప్రభుత్వాలు సైకిలును గుర్తించాయి, అయితే ఆడపిల్ల చేతుల్లో. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి చేరే ఆడపిల్లలకు సైకిళ్ళ కోసం డబ్బులిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. సెకండరీ బడిలో ఆ వయసు ఆడపిల్లల చేరిక ఆ పథకం వల్ల 32 శాతం పెరిగిందనీ, ఆడ మగ పిల్లల మధ్య తేడా 40 శాతం తగ్గిందనీ తేల్చారు. బడి దూరంగా ఉన్న ఊళ్ళలో ఫలితం ఎక్కువ. అంటే అడ్డం పడుతున్నది తెలివి కాదు, మైళ్ళు.

ఇది గొప్ప విజయమే. కానీ అమ్మాయి సైకిలు ఎంత కాలం అమ్మాయిది? పదో తరగతి అయిపోగానే అది తమ్ముడిదవుతుంది. పెళ్ళయితే పుట్టింటి చూరు కింద తుప్పు పడుతుంది. అత్తారింటికి మంచం, బీరువా, టీవీ పోతాయి, సైకిలు పోదు. బడికి పోయే ఆడపిల్ల కదలిక సమాజానికి పనికొస్తుంది, కాబట్టి ఒప్పుకుంటుంది. పెళ్ళయిన స్త్రీ ఎక్కడికి పోతుందో, ఎప్పుడొస్తుందో అన్నది ఇంకొకరి లెక్క. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 44.8 శాతం ఇళ్ళలో సైకిలుందని తేలింది. ఇంటి ప్రశ్నావళిలో సైకిలుందా అని అడిగారు. ఇంట్లో ఎవరు తొక్కుతారని అడగలేదు. ఇంటికి సైకిలుంటే ఇంట్లో అందరికీ ఉన్నట్టే అనుకోవడం, ఇంటికి భూమి ఉంటే ఆమెకూ ఉన్నట్టే అనుకోవడం లాంటిదే.

*

ఇప్పుడు శ్రీరాంపూర్‌కి వస్తాను. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల మంది దాకా ఉద్యోగులుండేవారు. ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఉన్నవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వస్తున్నారు. గనుల ముందు సైకిలు స్టాండ్లు పలచబడ్డాయి. మగవాళ్ళు వదిలేసిన తర్వాత సైకిలు ఆడవాళ్ళ దగ్గరికి వచ్చింది, అది కూడా షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పుల పేరు మీద! 'వ్యాయామం' అంటే ఇంట్లో ఒప్పుకుంటారు. 'ఊరికే తిరిగొస్తాను' అంటే ఒప్పుకోరు.

నేను సైకిలు కొన్నది నలభై ఆరో ఏట. దుకాణంలో ఎవరి కోసం అని అడిగారు. నా కోసమే అంటే, ఎత్తు చూడ్డానికి అమ్మాయిని తీసుకురమ్మన్నారు. రసీదు మీద నా పేరు రాయించుకున్నాను. ఇంట్లో ఫ్రిజ్ నుంచి బండి దాకా ఏ రసీదు మీదా నా పేరు లేదని అప్పుడే గమనించాను.

పెద్దయ్యాక నేర్చుకోవడంలో ఒక పద్ధతి ఉంది. చిన్నపిల్లలకు చేసినట్టు వెనక పట్టుకుని తోసి వదిలేస్తే లాభం లేదు. సీటు బాగా దించాలి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. పెడళ్ళు రెండూ విప్పేయాలి. ఎడమ పెడల్ మరకు ఎదురుగా తిరుగుతుంది, అది తెలియక చాలామంది ఇంకా బిగిస్తారు. తర్వాత కూర్చుని నడవాలి, నడక పొడుగు అడుగులవ్వాలి, కాళ్ళెత్తి పది గజాలు జారాలి. అది కుదిరాకే పెడళ్ళు. ఎటు ఒరుగుతుంటే అటే హ్యాండిల్ కొద్దిగా తిప్పాలి. భయం అవతలికి తిప్పమంటుంది, తిప్పితే పడతాం. కళ్ళు ముందు చక్రం మీద కాదు, ఇరవై గజాల అవతల ఉండాలి. నేర్చుకునేవాళ్ళందరికీ అన్నిటికన్నా కష్టమైంది ఈ చివరిదే. తల దించుకుని నడవమని పెంచిన ఆడవాళ్ళకు దూరంగా చూడమంటే ఒక పట్టాన రాదు.

తెల్లవారుజామున గ్రౌండులో మేం నలుగురం. ఒకామె భర్త గనిలో పోయాక ఆ ఉద్యోగంలో చేరి ఆఫీసులో పనిచేస్తున్నది. ఒకామె టైలరు. ఒకామె అంగన్‌వాడీ టీచరు. వాకింగ్‌కొచ్చే రిటైర్డు కార్మికులు మొదటి వారం సలహాలిచ్చారు, రెండో వారం నవ్వారు, మూడో వారం ఒక పెద్దాయన తన పాత పంపు తెచ్చి గాలి కొట్టిపెట్టాడు. "నలభై ఏండ్లు బాయికి తొక్కిన బిడ్డా, మీ అత్తమ్మకు ఒక్కనాడు నేర్పియ్యలే" అన్నాడు. ఆయన అత్తమ్మ అన్నది తన భార్యను. ఆ మాటలో పశ్చాత్తాపం ఉందని చెప్పను. ఆశ్చర్యం ఉంది. నేర్పించొచ్చన్న ఆలోచనే రాలేదన్న ఆశ్చర్యం.

గ్రౌండు దాటి రోడ్డెక్కాక అసలు సంగతి మొదలవుతుంది. జాతీయ రహదారి మీద లారీలు, టిప్పర్లు. అవి పక్క నుంచి పోతే గాలికి సైకిలు ఊగుతుంది, దుమ్ముకు కళ్ళు మూసుకుపోతాయి. రోడ్డు అంచున తారు విరిగి, కంకర తేలి ఉంటుంది. సరిగ్గా అక్కడే సైకిలు పోవాలి. షిఫ్టు మారే వేళ తప్పించుకోవాలి, చీకటి పడకముందే తిరిగి రావాలి. వెలుతురు, వేళ, తోడు, ఈ మూడూ చూసుకుని మిగిలిన సందులో మా సైకిళ్ళు నడుస్తాయి. మగవాడికి రోడ్డు మీద ప్రమాదం ఒకటే. మాకు రోడ్డు మీద ప్రమాదం ఒకటి, రోడ్డెక్కినందుకు మాట ఒకటి.

నలుగురిలో టైలరు మాత్రం వ్యాయామం అన్న మాట వాడదు. ఆమె బట్టలు తెచ్చుకోవడానికీ కుట్టినవి ఇచ్చి రావడానికీ సైకిలు నేర్చుకున్నది. ఆటో కిరాయి మిగులుతున్నది. మిగిలిన డబ్బు సంగతి ఇంట్లో చెప్పలేదట. మా ముగ్గురికీ సైకిలు ఆరోగ్యం, ఆమెకు సంపాదన. స్కూటీ కొనలేని స్త్రీకి సైకిలు ఇప్పటికీ వాహనమే, సరదా కాదు. రేపు ఈ ఊళ్ళో స్త్రీల సైకిలు గురించి ఎవరైనా రాస్తే హెల్మెట్టు పెట్టుకున్న మా ఫోటో కాకుండా, క్యారియర్‌కు బట్టల మూట కట్టుకున్న ఆమె ఫోటో వేయాలని నా కోరిక.

*

2019 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో స్త్రీలను ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా నియమించవచ్చని, వాళ్ళ రాతపూర్వక ఒప్పుకోలుతో, షిఫ్టుకు ముగ్గురికి తక్కువ కాకుండా. 2021లో కోల్ ఇండియాలో ఆకాంక్ష కుమారి భూగర్భ గనిలో పనిచేసే మొదటి మహిళా మైనింగ్ ఇంజనీరు అయింది. చదువుకున్న ఆడపిల్లలకు తలుపు కొద్దిగా తెరుచుకుంది. తట్ట మోసిన పాత గని స్త్రీల మనుమరాళ్ళలో ఎందరు ఆ తలుపు దాకా రాగలరన్నది వేరే ప్రశ్న.

ముగ్గురికి తక్కువ కాకుండా అన్న ఆ షరతు నన్ను ఆలోచింపజేసింది. ప్రభుత్వం దాన్ని భద్రత కోసం పెట్టింది. పుదుక్కోట్టైలో అదే సంగతి బలంగా మారింది. స్త్రీలు ఒక్కరొక్కరుగా గెలుచుకున్న చోటు వాళ్ళతోనే పోతుంది, గుంపుగా గెలుచుకున్నది తర్వాతివాళ్ళకు మిగులుతుంది. అందుకే కావాల్సింది ఒక్కో స్త్రీ ధైర్యం కాదు. కాలనీ గ్రౌండులో తెల్లవారుజామున వెలిగే లైటు కావాలి, రోడ్డు పక్క సైకిలు పోయే నాలుగడుగుల చోటు కావాలి, స్వయం సహాయక సంఘాల అప్పుల జాబితాలో కుట్టు మిషను పక్కన సైకిలు కూడా ఉండాలి.

ఇంకొకటి కూడా కావాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కూర్చోబెట్టి అడిగి రాసుకున్నారు. బొగ్గు ప్రాంతపు స్త్రీలను కూడా అలా అడగాలి. ఎక్కడెక్కడికి నడిచారు, ఎంత బరువుతో, ఏ వేళలో. భర్త నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నప్పుడు గోడకానిన సైకిలును ఎప్పుడైనా దొంగతనంగా తీశారా, తీస్తే ఎంత దూరం పోయారు. తీసినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళకిప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. ఆలస్యం చేస్తే చెప్పేవాళ్ళు ఉండరు.